స్టీలు గిన్నెలే అచ్చులుగా గాజు షేడ్లు: ఒక ఆర్డరు, దాని వెనక పని

హైదరాబాద్‌లో ఒక చిన్న లైటింగ్ వర్క్‌షాప్ వాళ్లు ఒక రెస్టారెంటుకు రెండు డజన్ల వేలాడే దీపాల షేడ్లు చేసిస్తామని ఒప్పుకున్నారు. డిజైను చాలామందికి తెలిసిందే. గుండ్రంగా కోసిన అద్దాన్ని బోర్లించిన గిన్నె మీద పెట్టి కిల్న్‌లో, అంటే కరెంటు బట్టీలో, వేడి చేస్తే, అంచులు మెత్తబడి మడతలు పడుతూ కిందికి వాలతాయి. ఇటలీలో గాజుపనికి పేరున్న మురానోలోని వెనీని కంపెనీ 1940ల చివర్లో ఫుల్వియో బియాంకోనీతో చేసిన 'ఫజొలెత్తో' వాజుల రూపం ఇదే. కాకపోతే అవి ఊదిన గాజువి, ఇవి కిటికీలకు వేసే 4 మిల్లీమీటర్ల ఫ్లోట్ గ్లాస్‌వి.

వాళ్లు నన్ను పిలిచేసరికి ఒక అట్టపెట్టె నిండా పగిలిన షేడ్లున్నాయి, గడువు దగ్గర పడుతోంది. వర్క్‌షాప్ నడిపే ఆయన అప్పటికే కారణం తేల్చేసుకున్నారు. "అన్నా, కంట్రోలర్ తప్పు చూపిస్తోంది. థర్మోకపుల్ మార్పిద్దామా?" అన్నారు. థర్మోకపుల్ కిల్న్ లోపలి వేడిని కొలిచేది, కంట్రోలర్ దాన్ని బట్టి వేడిని నడిపే పెట్టె. గాజు పగిలితే అందరి చూపూ ముందు కంట్రోలర్ మీదికే పోతుంది, ఎందుకంటే అంకెలు కనిపించేది దాని మీదే. నేను అచ్చులు చూపించమన్నాను.

ముక్కలు చెప్పిన సంగతి

అచ్చుల కంటే ముందు ముక్కల్ని విడదీసి చూశాం. పగిలిన గాజు అంచు చాలా చెబుతుంది. వేడెక్కేటప్పుడు పగిలితే, ఆ తర్వాత వచ్చే వేడికి పగులు అంచులు కరిగి గుండ్రబడతాయి. చల్లారేటప్పుడు పగిలితే చెయ్యి తెగేంత పదునుగా ఉంటాయి. ఆ పెట్టెలో దాదాపు అన్నీ పదునైనవే. అంటే షేడ్లు చక్కగా వేడెక్కాయి, చక్కగా వాలాయి, ఆకారం వచ్చాక దిగే దారిలో పగిలాయి. థర్మోకపుల్ మీద అనుమానం అక్కడితో సగం పోయింది.

మిగతా సగం ఎలా పోయిందంటే, పగుళ్లు ఒకే రకంగా లేవు. కొన్ని కింది అంచు నుంచి నిలువుగా పైకి పాకాయి. కొన్నింటిలో గిన్నె అడుగుకీ గోడకీ మధ్య ఉండే మూలమలుపు దగ్గర గాజు లోపలి పొర పెచ్చుగా ఊడి అచ్చుకే అంటుకుపోయింది. పగలకుండా బయటికొచ్చిన నాలుగైదింటిలో లోపలి వైపు నల్లటి నలకలు గాజులో దిగబడి ఉన్నాయి. ఇంకో రెండు షేడ్లు వేరే పద్ధతిలో, బేసిన్ లోపలికి అద్దాన్ని వాల్చి చేసినవి. అవి వృత్తాకారంగా పగిలాయి. కంట్రోలర్ ఒక్కటే పాడైతే ఇన్ని రకాలుగా పగలవు.

గాజు పైవైపు తెల్లటి పొర కట్టినవి కూడా ఒకటి రెండున్నాయి. దానికీ అచ్చుకీ సంబంధం లేదు. ఫ్లోట్ గ్లాస్‌ను 700 డిగ్రీల పైన ఎక్కువసేపు ఉంచితే పైపొర స్ఫటికాలు కట్టి మసకబారుతుంది, దాన్నే డీవిట్రిఫికేషన్ అంటారు. మడతలు ఇంకా లోతుగా రావాలని కిల్న్‌ను ఆ వేడి దగ్గరే ఎక్కువసేపు నిలిపి ఉంచడం వల్ల వచ్చిందది.

తర్వాత అచ్చులు చూశాం. అన్నీ ఇంట్లో వాడే స్టీలు సామానే. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు, నేనూ అదే వాడతాను. కానీ మూడు తపేలాలున్నాయి. తపేలాకు అంచు కింద మెడ ఉంటుంది. బోర్లిస్తే గాజు ఆ మెడలోకి ఒరిగి గట్టిపడుతుంది, ఇక పగలగొడితే తప్ప బయటికి రాదు. తిన్నటి గోడల డబ్బాకు ఒక పక్క సొట్ట ఉంది. గాజు దాని లోపలికి కూడా దిగింది. ఇంకో గిన్నెది ఇండక్షన్ స్టవ్ కోసం చేసిన దళసరి అడుగు. రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం ఉండే రకం. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, షేడ్ వాలడానికి కావలసింది అంతకంటే ఎక్కువ. అడుగు ఒక పక్కకు ఉబ్బి, కరిగిన లోహం అతుకులోంచి కారి, కిల్న్ షెల్ఫ్ మీద మచ్చ పడింది. ఈ ఒక్క కారణం చాలు, అలాంటి గిన్నె కిల్న్ దరిదాపులకు రాకూడదని చెప్పడానికి. డబుల్ వాల్ స్టీలు గ్లాసులైతే ఇంకా ప్రమాదం. రెండు గోడల మధ్య మూసుకుపోయిన గాలి వేడికి వ్యాకోచిస్తే గ్లాసు పేలిపోవచ్చు.

గాజు పైన, స్టీలు లోపల

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఎందుకంటే పనంతా దీని మీదే నిలబడి ఉంది. ఫ్లోట్ గ్లాస్ సుమారు 520 డిగ్రీల దగ్గర పూర్తిగా గట్టిపడుతుంది. అక్కడి నుంచి గది వేడికి దిగేలోపు 150 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గాజు 0.65 మిల్లీమీటర్ల దాకా కుంచించుకుంటుంది. అదే కొలతలో ఉన్న 304 గ్రేడు (స్టెయిన్‌లెస్‌లో ఒక రకం) స్టీలు 1.3 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది, అంటే రెండింతలు. గాజు బయట, స్టీలు లోపల ఉంటే చల్లారేకొద్దీ స్టీలు తనంతట తానే గాజును వదిలి లోపలికి జరుగుతుంది. పక్కకు మూడో వంతు మిల్లీమీటరు సందు మిగులుతుంది. షేడ్‌ను రెండు వేళ్లతో ఎత్తేయొచ్చు.

స్టీలు బయట, గాజు లోపల ఉంటే ఇది తిరగబడుతుంది. బేసిన్ గోడలు గాజును నొక్కుతాయి. బేసిన్ పళ్లెంలా లోతు తక్కువగా, వాలుగా ఉంటే గాజు పైకి జారి తప్పించుకుంటుంది. గోడలు నిటారుగా ఉంటే జారడానికి చోటుండదు. వాళ్ల బేసిన్ షేడ్లు రెండూ అందుకే పోయాయి. గాజును లోపలికి వాల్చాలంటే అచ్చు సిరామిక్‌ది కావాలి, ఎందుకంటే చాలా సిరామిక్ అచ్చులు గాజు కంటే తక్కువ కుంచించుకుంటాయి. అదే కారణంతో నిటారు సిరామిక్ అచ్చు మీద గాజును బయటి నుంచి వాలిస్తే గాజే దాన్ని పట్టుకుని పగులుతుంది. ఇలాంటి లోతైన ఆకారాలకు అచ్చు స్టీలుదైతే గాజు దాని పైన, సిరామిక్‌దైతే గాజు దాని లోపల. ఈ ఒక్క నియమం మాత్రం కంఠస్థం చేయాలి. మిగతావన్నీ చేతికి అలవాటయ్యేవే.

ఇందులో ఇంకో చిక్కుంది. స్టీలంతా ఒకటి కాదు. అయస్కాంతం గట్టిగా అంటుకునే 430 గ్రేడు స్టీలు అంతగా కుంచించుకోదు. అదే 150 మిల్లీమీటర్లకు 0.85 లోపే. అంటే గాజుకీ దానికీ మధ్య పక్కకు పదో వంతు మిల్లీమీటరు సందే. గాజు అంటుకోకుండా అచ్చు మీద పూసే కిల్న్ వాష్ పొడి పొర, స్టీలు మీద పెరిగే తుప్పు పొర ఆ సందును తినేస్తాయి. వాళ్ల డబ్బా అలాంటిదే. సొట్ట లేకపోయినా అది ఇబ్బంది పెట్టేది.

బేగంబజార్‌లో ఏరుకున్నవి

కొత్త అచ్చుల కోసం బేగంబజార్ వెళ్లాం. జేబులో అయస్కాంతం, చేతిలో కొలతలు తీసే వర్నియర్. అడుగు కంటే నోరు వెడల్పుగా, మధ్యలో ఎక్కడా మెడ లేకుండా, పూలకుండీలా ఏటవాలుగా ఉండే గిన్నెలే కావాలి. బోర్లిస్తే పైన సన్నం, కింద వెడల్పు. అడుగు 130 మిల్లీమీటర్లు, నోరు 150, ఎత్తు 110 ఉన్న ఒక రకం దొరికింది. షాపాయన మొదట మాకు అడుగు మందంగా, తళతళలాడే రకాలే చూపించాడు. మాకు కావలసింది పల్చటి, ఒకే రేకుతో నొక్కిన, చవక సామానని చెబితే కాస్త నొచ్చుకున్నట్టు కనిపించాడు.

అయస్కాంతం విషయంలో ఒక మాట. నొక్కి లోతుగా సాగదీసిన చోట 304 స్టీలు కూడా కొద్దిగా అయస్కాంతాన్ని లాగుతుంది. కాబట్టి అంచు దగ్గర కాదు, అడుగు మధ్యలో పెట్టి చూడాలి. అంటుకోనంత మాత్రాన అది 304 అని కూడా కాదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 సిరీస్ స్టీలును కూడా అయస్కాంతం లాగదు, బజారులో చవక సామాను చాలావరకు అదే. దాని వ్యాకోచం 304కు దగ్గరగానే ఉంటుంది గనుక షేడ్ ఊడి రావడానికి అడ్డం కాదు. కానీ పదే పదే వేడి చేస్తే త్వరగా పెచ్చులు కడుతుంది. ఆర్డరు చిన్నదైతే అది చాలు. ఏళ్ల తరబడి వాడే అచ్చయితే 304 అని నమ్మకంగా చెప్పి ఇచ్చేవాళ్ల దగ్గర డబ్బు పెట్టడం నయం.

జింకు పూత ఉన్న జీఐ బకెట్లు, డబ్బాలు పూర్తిగా వదిలేయాలి. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే దాని పొగ పీల్చినవాళ్లకు చలిజ్వరం లాంటిది వస్తుంది. ఇత్తడిలోనూ జింకు ఉంటుంది. నికెల్, క్రోమ్ పూతలున్నవీ వద్దు. సిల్వర్ గిన్నెలని మనం పిలిచే అల్యూమినియం సంగతి పైన చెప్పిందే.

తయారీ

గిన్నె అంచున చుట్టిన మడత ఉంటుంది, చేతికి గీరుకోకుండా. అద్దం 380 మిల్లీమీటర్ల వ్యాసంతో కోశాం. అడుగు 130 పోగా పక్కకు 125 వేలాడుతుంది, గిన్నె ఎత్తు 110 మాత్రమే. అంటే వేలాడే గాజు ఆ మడతను దాటి కిందికి పోతుంది, మడత కిందికి కొక్కెంలా ఒదిగిపోతుంది. అందుకే యాంగిల్ గ్రైండర్‌తో ఆ మడతను పూర్తిగా కోసేసి, అంచును ఆకురాయితో నున్నగా చేశాం. అడుగు మధ్యలో 6 మిల్లీమీటర్ల కన్నం కూడా వేశాం, లోపలి గాలి బయటికి పోవడానికి.

తర్వాత అడుగుకీ గోడకీ మధ్య మూల. షేడ్ బరువంతా వేలాడేది అక్కడే, కిల్న్ వాష్ మొదట రాలేది కూడా అక్కడే. పెట్టెలోని పెచ్చులన్నీ ఈ మూలవే. కొత్త గిన్నెల్లో మూల కాస్త గుండ్రంగా ఉన్నవాటినే ఏరాం. అయినా ఎమెరీ పేపర్‌తో ఇంకొంచెం మొద్దుబార్చాం.

ఇక శుభ్రం చేయడం. స్టిక్కరు జిగురును థిన్నర్‌తో తుడిచి, మెరుగు పెట్టేటప్పుడు మిగిలిన పాలిషు మైనాన్ని, ప్రెస్ నూనెను వేడినీళ్లూ గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడిగాం. ఆ తర్వాత 80 నంబరు ఎమెరీతో మెరుపు మొత్తం పోయేదాకా రుద్దాం. సాండ్‌బ్లాస్టింగ్ చేయించగలిగితే ఇంకా మంచిది, పొర సమంగా గరుకవుతుంది, చేతికి నొప్పీ ఉండదు. అప్పటి నుంచి గ్లవ్స్ లేకుండా గిన్నెను ముట్టుకోవద్దని కుర్రాళ్లకు చెప్పాం. వేలిముద్ర నూనె పడ్డ చోట వాష్ పట్టుకోదు.

గాజు పెట్టకుండా ఖాళీ గిన్నెలను ఒకసారి 720 డిగ్రీలకు కాల్చాం. దీన్ని చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో ఇది తప్పనిసరి. మిగిలిన నూనె కాలిపోతుంది. ప్రెస్‌లో నొక్కినప్పుడు రేకులో మిగిలిన బిగువు సడలి, వంకర పోయేవి ఇప్పుడే పోతాయి. స్టీలు మీద మొదటి ఆక్సైడ్ పొర ఏర్పడి మరింత గరుకవుతుంది. రెండు గిన్నెలు కోడిగుడ్డు ఆకారానికి తిరిగాయి, వాటిని పక్కన పడేశాం. మిగతావాటిని వైరు బ్రష్‌తో గట్టిగా రుద్ది, రాలే నలుపునంతా రాల్చాం. వర్క్‌షాప్ వాళ్ల షేడ్లలో దిగబడిన నల్లటి నలకలు ఈ రాలే పెచ్చులే. గాజు మెత్తగా ఉన్నప్పుడు వాటిని అతికించుకుంటుంది, తర్వాత ఏ యాసిడ్‌తోనూ పోవు.

కిల్న్ వాష్: వేడి గిన్నె మీద మాత్రమే

వాళ్లు వాష్‌ను చల్లటి, మెరిసే స్టీలు మీద బ్రష్‌తో పూశారు. అది సిరామిక్ అచ్చుకు పనికొచ్చే పద్ధతి. సిరామిక్ నీళ్లను పీల్చుకుంటుంది, పొడి పైన మిగులుతుంది. స్టీలు పీల్చుకోదు. వాష్ కారి కిందికి చేరింది, పైన మూల దగ్గర స్టీలు బయటపడింది. వాళ్లేమో దాని మీద ఇంకా మందంగా పూశారు, ఆరాక అది పెళ్లలుగా లేచింది.

మేం కలిపింది అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే సగం సగం. ఒక వంతు పొడికి ఐదు వంతుల నీళ్లు. పల్చటి గుడ్డలో వడకట్టి స్ప్రే సీసాలో పోశాం. అల్యూమినా అడుగున పేరుకుంటుంది గనుక ప్రతిసారీ సీసా ఊపాలి, లేకపోతే చివరి గిన్నెలకు ఉత్త నీళ్లే పడతాయి. పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

గిన్నెను కిల్న్‌లోనే 200 నుంచి 230 డిగ్రీలకు వేడి చేసి, కరెంటు ఆపి, పట్టకారుతో బయటికి తీసి, ఇటుక మీద బోర్లించి, ఒకడుగు దూరం నుంచి స్ప్రే చేశాం. వేడి సరిపోయిందో లేదో దోశ పెనం మీద నీళ్లు చల్లి చూసినట్టే తెలుస్తుంది. చుయ్‌మని ఆరి తెల్లటి పొడి మిగిలితే సరిగ్గా ఉంది. చుక్కలు గుండ్రంగా చేరి దొర్లిపోతే వేడి ఎక్కువైంది, ఆవిరి పొర వాటిని స్టీలును తాకనివ్వడం లేదు. కారితే చల్లారిపోయింది, మళ్లీ లోపల పెట్టాల్సిందే. పల్చటి పొర, మళ్లీ వేడి, మళ్లీ పొర. స్టీలు రంగు ఎక్కడా కనిపించకుండా అయ్యేదాకా ఇలా చేశాం. మూల మీద మాత్రం అదనంగా కొట్టాం. చివర్లో పాత నైలాన్ సాక్సుతో చాలా మెల్లగా రుద్ది గరుకు తీశాం, ఎందుకంటే వాష్ మీద ఉన్న ప్రతి బుడిపే గాజు లోపలి వైపు అచ్చుపడుతుంది.

దీనికి బదులు బోరాన్ నైట్రైడ్ స్ప్రే ఉంది. చల్లటి స్టీలు మీద కూడా పట్టుకుంటుంది, గాజు లోపలి వైపు నున్నగా వస్తుంది. ఖరీదెక్కువ, మళ్లీ మళ్లీ కొట్టాలి. పారదర్శకంగా ఉండాల్సిన వస్తువుకైతే అదే వాడతాను. ఇక్కడ షేడ్ లోపల బల్బు వెలుగుతుంది, లోపలి వైపు కాస్త మసకగా ఉంటేనే బల్బు కంట్లో గుచ్చుకోదు. వాష్ చాలనుకున్నాం.

గిన్నె అడుగు మీద మాత్రం, వాష్‌తో పాటు, మిల్లీమీటరు మందం ఫైబర్ పేపర్ (కిల్న్ వేడికి తట్టుకునే కాగితం లాంటిది) బిళ్లను కోసి పెట్టాం. ఫైబర్ పేపర్ గాజు మీద గరుకు గుర్తు వదులుతుంది, అందుకే షేడ్ గోడలకు నేను దాన్ని వాడను. కానీ అడుగు భాగం హోల్డరు మూత కింద దాగిపోతుంది, ఎవరికీ కనపడదు. అక్కడ అంటుకునే భయం మొత్తం పోతుంది. దానిలోని జిగురు కాలేటప్పుడు వాసన వస్తుంది, కిటికీలు తెరిచి ఉంచాలి.

కాల్చడం

అద్దం మధ్యలో హోల్డరు కోసం 42 మిల్లీమీటర్ల కన్నం ముందే వేశారు, డైమండ్ కోర్ బిట్‌తో, నీళ్లు పోస్తూ. కన్నం అంచు పెచ్చులు లేచిన ఒక అద్దాన్ని పక్కన పెట్టమన్నాను. వాళ్లకు మనసొప్పక కాల్చారు, అది అక్కడి నుంచే పగిలింది.

గిన్నెలను 50 మిల్లీమీటర్ల పోస్టుల (కిల్న్‌లో పెట్టే పొట్టి దిమ్మెల) మీద ఎత్తి పెట్టాం, లేకపోతే అద్దం అంచు షెల్ఫ్‌ను తాకి విప్పారుతుంది. గంటకు 120 డిగ్రీల చొప్పున 540 దాకా, అక్కడి నుంచి గంటకు 200 చొప్పున 690 దాకా. ఆ తర్వాత అంకెను నమ్మకుండా, కిల్న్‌కున్న చూపు కన్నంలోంచి రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తూ, మడతలు కావలసినంత వాలగానే ఆపేశాం. ఒక్కో కిల్న్‌లో థర్మోకపుల్ ఒక్కో చోట ఉంటుంది గనుక పై అంకె కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. 550 దగ్గర ముప్పావు గంట నిలిపి, గంటకు 60 చొప్పున 450 దాకా, ఆపై 100 చొప్పున 300 దాకా దించి కరెంటు కట్టేశాం. ఇది వాళ్ల పాత ప్రోగ్రాముకు దగ్గరగానే ఉంది. మేం మార్చిందల్లా పైన ఆగే సమయాన్ని తగ్గించడమే, తెల్లపొర రాకుండా. థర్మోకపుల్ అదే, కంట్రోలర్ అదే.

వచ్చిన ఫలితం

షేడ్లు చేత్తో ఎత్తితే వచ్చాయి. లోపల అంటిన తెల్లటి పొడి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి బ్రష్‌తో రుద్దితే పోయింది. పాత ఎల్‌సీడీ మానిటర్ నుంచి ఊడదీసిన పోలరైజింగ్ ఫిల్ము రెండు ముక్కలను ఒకదానికొకటి అడ్డంగా తిప్పి, వెనక దీపం పెట్టి, ఒక్కో షేడ్‌ను మధ్యలో పట్టుకుని చూశాం. గాజులో ఒత్తిడి మిగిలితే ఆ చోటు వెలుగుతుంది. మూలల దగ్గర కూడా దాదాపు చీకటిగానే ఉంది. పాత పెట్టెలోంచి పగలని షేడ్ ఒకటి తెచ్చి అలాగే చూస్తే, స్టీలు అంటిన మచ్చల చుట్టూ తెల్లటి వలయాలు. అది ఇంకా పగలకపోవడమే వింత. దాన్ని రెస్టారెంటుకు పంపొద్దని గట్టిగానే చెప్పాను, తలల పైన వేలాడే వస్తువది.

వాష్ ప్రతి కాల్పు తర్వాతా కొంత రాలుతోంది. రాలిన చోట అతుకు వేయడం కుదరదు, గిన్నెను కడిగి, వైరు బ్రష్ పట్టి, మళ్లీ వేడి చేసి మొదటి నుంచి కొట్టాలి. కుర్రాళ్లకు ఇది విసుగు పుట్టించే పని. "అన్నా, పైపైన ఒక పొర కొడితే చాలదా?" అని ఒకడు అడిగాడు. చాలదు. పాత పొర కింద స్టీలు పెచ్చులు లేచి ఉంటాయి, కొత్త పొర వాటితో పాటే ఊడుతుంది. వాడే అచ్చులు కొన్ని, ఆరే అచ్చులు కొన్ని ఉండేలా గిన్నెల సెట్టును రెట్టింపు చేసుకోమన్నాను. గిన్నె ఖరీదు ఎంత, పగిలిన షేడ్ ఖరీదు ఎంత.

ఒక చిక్కు మాత్రం అలాగే ఉంది. రెస్టారెంటు వాళ్లు షేడ్లన్నీ అచ్చం ఒకేలా ఉండాలన్నారు. గిన్నె మీద స్వేచ్ఛగా వాలే గాజుకు మడత ఎక్కడ పడాలో మనం చెప్పలేం. అద్దం ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా, కిల్న్ ఒక మూల కాస్త వేడిగా ఉన్నా మడత మారిపోతుంది. అచ్చం ఒకేలా కావాలంటే మడతలున్న అచ్చునే 304 రేకుతో చేయించాలి. ఆ రేకును వంచే చోట వెల్డింగు గరుకు, లోపలికి వంగే కోణాలు లేకుండా చూడటం వేరే పని, ఖర్చూ వేరే. వాళ్లు నాలుగు షేడ్లు తీసుకెళ్లి రెస్టారెంటాయనకు చూపించారు, మడతల్లో తేడా ఉన్నా పర్వాలేదనిపించుకున్నారు.